"కళ్ళజోడు మర్చిపోయాను మేడం": ఒక టైలరమ్మ డిస్లెక్సియా కేసు

ఈ కేసు అసలు పిల్లాడితో మొదలైంది. తొమ్మిదేళ్ళవాడు, నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం మూగనోము పడతాడని స్కూలు వాళ్ళు మా సెంటర్‌కి పంపారు. నేను విజయవాడలో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలతో పదమూడేళ్ళుగా ఇదే పని. మొదటిరోజు వాళ్ళమ్మ చేతికి రెండు పేజీల ఫారం ఇచ్చాను: కాన్పు ఎలా జరిగింది, మాటలు ఎప్పుడొచ్చాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా, ఇలాంటివి. ఆవిడ బ్యాగులో కాసేపు వెతికి, "కళ్ళజోడు మర్చిపోయాను మేడం, ఇంటికి తీసుకెళ్ళి నింపుకొస్తా" అంది. రెండోసారి ఫారం మర్చిపోయి వచ్చింది. మూడోసారి నింపి తెచ్చింది, రాత చూస్తే ఎవరో హైస్కూలు పిల్లది. ఈ మూడుసార్లలో ఆవిడ మొహం మీద కళ్ళజోడు నేను చూడనే లేదు. పైగా ఆవిడది జాకెట్లు కుట్టే పని, రోజుకి యాభైసార్లు సూదిలో దారం ఎక్కిస్తుంది.

నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది, తట్టలేదు. నాలుగో సెషన్లో పిల్లాడితో మాటలు విరిచే ఆట ఆడుతున్నాను. "కమలంలో మ తీసేస్తే ఏం మిగులుద్ది?" వాడు చాలాసేపు తల గోక్కుని "కమ" అన్నాడు. మూల కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మ వైపు చూస్తే పెదాలు కదులుతున్నాయి, ఒక్కో వేలు మడుస్తోంది, మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతోంది. ఆవిడకీ రాలేదు. పిల్లాణ్ణి బయట ఆడుకోమని పంపి, ఏమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ అంతే మేడం. అక్షరాలన్నీ తెలుసు. కలిస్తేనే రావు" అంది.

ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లల కేసులు చాలామంది రాస్తారు, ముప్పైనాలుగేళ్ళ మనిషి కేసు మన దగ్గర రాసేవాళ్ళు తక్కువ. డిస్లెక్సియా, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం దగ్గర వచ్చే ఈ ఇబ్బంది, చిన్నప్పటి జబ్బేం కాదు కదా పెద్దయ్యాక పోవడానికి. ఆ పిల్లలే పెద్దవాళ్ళవుతారు.

పాత కథ

గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పదో తరగతిలో లెక్కలు పాసైంది, తెలుగులో రెండుసార్లు పోయింది. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట రాని పిల్ల తెలుగులో తప్పడమేంటని చుట్టాలంతా నవ్వారట. క్లాసులో చదవమన్నప్పుడు ముందు పిల్ల చదివింది విని గుర్తుపెట్టుకుని అప్పజెప్పేసేదట, పుస్తకం మీద వేలు మాత్రం ఊరికే కదులుతూ ఉండేది. ఏడో తరగతిలో ఒకరోజు పాఠం మారింది, ఆ ముందురోజు ఆవిడ బడికి రాలేదు, దాంతో లేచి నిలబడి పాత పాఠమే గడగడా అప్పజెప్పింది. ఆ రోజు నుంచి మొద్దు అనే పేరు స్థిరపడింది. వేమన పద్యాలు ఇప్పటికీ వరసపెట్టి ఓ నలభై చెప్పగలదు, అన్నీ విని నేర్చినవే.

ఇక్కడో మాట. ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు డాక్టరు 1896లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి రాశాడు. తెలివైనవాడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెప్పేటట్టయితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. ఇప్పటికి నూట పాతికేళ్ళు దాటింది, మనం ఇంకా పిల్లల్ని మొద్దు అంటూనే ఉన్నాం.

పెళ్ళయ్యాక విజయవాడ వచ్చింది. కుట్టుపని పక్కింటావిడ దగ్గర చూసి నేర్చుకుంది. ఇప్పుడు మూడు మిషన్లు, పనికి ఇద్దరు అమ్మాయిలు, మాస్టర్ కటింగ్ అంతా ఈవిడదే. భర్త ఆటో నడుపుతాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయనకి తెలిసిందల్లా "దానికి చదవడమంటే బద్ధకం" అని. కొలతల పుస్తకం రాసేది ఆడపడుచు కూతురు. ఆ పిల్ల కాలేజీకని హాస్టల్‌కి వెళ్ళింది, సరిగ్గా శ్రావణమాసం ముందు. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు కుప్పలు. ఒకరి పట్టు జాకెట్టు ఇంకొకరి కొలతకి కోసేసింది. గుడ్డ డబ్బులు కట్టింది, నలుగురు గిరాకీలు పోయారు. మా దగ్గరకి పిల్లాణ్ణి తెచ్చింది ఆ మరుసటి నెలలోనే.

పరీక్షల్లో తేలింది

నేను డయాగ్నోసిస్ ఇచ్చేదాన్ని కాదు, అది క్లినికల్ సైకాలజిస్టు పని. ఆవిడని కూడా ముందు అక్కడికే పంపాను, కళ్ళూ చెవులూ కూడా చూపించాం. అన్నీ బాగానే ఉన్నాయి. తెలివి సగటుకి పైనే. పిల్లలకైతే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళ పరీక్షల సెట్ ఉంది, ముప్పై నాలుగేళ్ళ తెలుగు మనిషికి సరిపోలేదు. కాబట్టి చదివించడం, రాయించడం, వినిపించడం నేనే కూర్చుని చేశాను.

నాలుగో తరగతి వాచకంలో నుంచి వంద మాటల పేరా ఇచ్చాను. ఆరు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. తప్పులు తొమ్మిదే. ఇది తెలుగులో గమనించాల్సిన విషయం. ఇంగ్లీషులో అయితే రాసేదొకటి పలికేదొకటి, అక్కడ డిస్లెక్సియా ఉన్నవాళ్ళు తప్పుల మీద తప్పులు చదువుతారు. మన లిపి రాసినట్టే పలుకుతుంది కాబట్టి కష్టపడితే చివరికి సరైన మాటే వస్తుంది, కానీ వచ్చేసరికి వాక్యం మొదలు మర్చిపోతారు. అందుకే మన బళ్ళలో ఈ పిల్లల్ని ఎవరూ పట్టుకోలేరు, "చదువుతాడు, కాస్త నిదానం" అని వదిలేస్తారు.

ఎక్కడ ఆగుతోందో చూశాను. విడి అక్షరాలు పర్వాలేదు, ప-వ, ద-ధ-థ దగ్గర కొంచెం తడబాటు. గుణింతంలో మె, మొ ఒకటే లాగా కనిపిస్తున్నాయి, నిజానికి రెంటికీ తేడా చివరి కొమ్ము ఒక్కటే. "మెడ" అని రాసినదాన్ని "మొడ" అని చదివి, ఇదేం మాట మేడం అని నన్నే అడిగింది, రోజూ మెడలు కోసే మనిషి. అసలు గండం వత్తులు. ధర్మవరం అన్న మాట తీసుకోండి. కన్ను ముందు ర చూస్తుంది, కిందకి దిగి మ చూస్తుంది, మళ్ళీ పైకెక్కి వ మీదకి పోవాలి. ఆవిడ "ధ... ర... మ... వరం" అని నాలుగు ముక్కలు చేసి, ధరమవరమా అని ఆగి, అప్పుడు నవ్వి "ధర్మవరం!" అంది. ఆ చీరల మీదకి జాకెట్లు వందల్లో కుట్టింది. లిపిలో తెలుగుకి అక్కచెల్లెలు లాంటి కన్నడంలో జరిగిన పరిశోధనల్లో కూడా మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని తేలింది. ఒకటో తరగతిలోనే గుణింతాలు అయిపోయాయి అనుకుని ముందుకెళ్ళిపోయే బడిలో ఈ పిల్ల ఎక్కడ జారిపోయిందో ఊహించడం కష్టం కాదు.

తర్వాత పేపర్లో ఒక పెద్ద వ్యాసం నేను చదివి వినిపించాను, పోలవరం మీద. మొత్తం వరస తప్పకుండా తిరిగి చెప్పింది, మధ్యలో అంకెలతో సహా. నేనైతే చెప్పలేను.

నా తప్పు

ఇంతా తెలిసి నేను చేసిన మొదటి పని ఏంటంటే, రెండు గీతల కాపీ పుస్తకం కొని, గుణింతాలు రాయించడం. రెండు వారాలు వచ్చింది. మూడో వారం మిషను రిపేరు, నాలుగో వారం అత్తగారికి జ్వరం, అయిదో వారం ఫోన్ ఎత్తలేదు. పిల్లాణ్ణి మాత్రం ఆటోలో పంపుతోంది. తర్వాత చెప్పింది, ఆ కాపీ పుస్తకం ఎక్కడ పెట్టినా పనమ్మాయిలు చూస్తారేమోనని బియ్యం డబ్బాలో దాచిందట. ముప్పై నాలుగేళ్ళ మనిషిని మళ్ళీ తీసుకెళ్ళి ఏడో తరగతిలో నిలబెట్టాను నేను.

అప్పుడు నేనే ఆవిడ షాపుకి వెళ్ళాను. ఒక పూటంతా స్టూలు మీద కూర్చుని, అసలు రోజులో చదవాల్సిన అవసరం ఎన్నిచోట్ల వస్తుందో రాసుకున్నాను. పదకొండు తేలాయి. కొలతల పుస్తకం, ఎవరి గుడ్డ ఏ సంచిలో ఉంది, ఇవ్వాల్సిన తేదీ, వాట్సాప్ మెసేజులు, ఫోన్‌పే లో డబ్బు ఎవరు వేశారు, బ్యాంకు మెసేజ్, పికో షాపు చీటీ, పిల్లాడి డైరీ, మందుల చీటీ, కరెంటు బిల్లు, కొరియర్ వాడి ఫోన్. వీటిలో గుణింతాల కాపీ పుస్తకంతో తీరేది ఒక్కటీ లేదు. అక్కడి నుంచి నా పద్ధతి తిరగేశాను: ముందు చదువు అడ్డంపడకుండా పని సర్దుదాం, చదవడం నేర్చుకోవడం తర్వాత.

కొలతలకి ఆవిడే దారి చూపించింది. "మేడం, నాకు మాట ఎందుకు, జాకెట్టు బొమ్మ ఉంటే చాలు కదా" అంది. పక్క వీధిలో ప్రింటింగ్ ప్రెస్‌లో ప్యాడ్ కొట్టించాం, ముందు భాగం ఒక బొమ్మ, వెనక భాగం ఒక బొమ్మ, భుజం, ఛాతీ, నడుము, చంక, ముందు మెడ లోతు, వెనక మెడ లోతు, చెయ్యి పొడవు, చెయ్యి లూజు ఎక్కడెక్కడ ఉంటాయో అక్కడ ఒట్టి గడి. అంకెలు ఆవిడకి ఎప్పుడూ ఇబ్బంది కాదు, పదమూడుంపావు, పద్నాలుగున్నర టకటకా వేస్తుంది. చీటీకి గుడ్డ ముక్క ఒకటి పిన్ను కొడుతుంది. ఆది జాకెట్టు ఇచ్చినవాళ్ళనయితే దాన్ని పట్టుకోమని ఫోటో తీస్తుంది, మొహం, ఆది, పట్టుగుడ్డ మూడూ ఒకే ఫోటోలో. ఇక కలిసిపోవడమనే మాటే లేదు.

తేదీకి దారాలు. సంచి మూతికి ఏ రంగు దారం ఉంటే ఆ వారం ఇవ్వాలి. గురువారం పసుపు, బుధవారం ఆకుపచ్చ, శనివారం నలుపు, మిగతావి ఆవిడ ఇష్టం. మొదటి నెలలోనే ఒకావిడ పెళ్ళి జాకెట్టు సంచికి నల్ల దారం కట్టారని పెద్ద గొడవ చేసింది. శనివారం నీలం అయింది.

వాట్సాప్‌తోనే ఎక్కువ తంటా. మన జనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తెలుగు లిపే అరగంట పట్టే మనిషికి ఇది ఇంగ్లీషూ కాదు తెలుగూ కాదు. ఫోన్లో తెరమీదిది చదివి వినిపించే సెట్టింగ్ ఆన్ చేశాం, తెలుగు లిపిలో ఉంటే శుభ్రంగా చదువుతుంది, ఈ రకం తెలుగుని మాత్రం దొరగారు దండకం చదివినట్టు చదివింది, ఇద్దరం నవ్వలేక చచ్చాం. చివరికి మిగిలింది ఒకటే దారి, గిరాకీలనే వాయిస్ పెట్టమని అడగడం. అడగాలంటే ఎందుకో చెప్పాలి.

దీనికే రెండు నెలలు పట్టింది. ప్యాడ్లూ దారాలూ ఒక వారంలో అయ్యాయి, ఈ ఒక్క మాట చెప్పడానికి రెండు నెలలు. డిస్లెక్సియా అనే పేరు వాడనంది, "అదేదో రోగం పేరులా ఉంది." సెంటర్లో కూర్చుని మాట తయారు చేసుకున్నాం, నన్ను గిరాకీ అనుకుని పదిసార్లు చెప్పింది: "నాకు అక్షరాలు తొందరగా అందవమ్మా, వాయిస్ పెట్టండి, వెంటనే చూస్తా." మొదట చెప్పింది బాగా తెలిసినావిడకి, ఆవిడ ఓకే అని వాయిస్ పెట్టేసింది, అంతే, ఇంకేం అడగలేదు. ఈవిడకి అదే ఆశ్చర్యం. ఇంకొకావిడ "అయితే నా కొలతలు ఎలా రాస్తున్నావు ఇన్నాళ్ళూ" అని గుడ్డలు వెనక్కి పట్టుకెళ్ళింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేనిచ్చిన సలహాకి పడ్డ దెబ్బ అది, దాన్ని చిన్నది చేసి చెప్పను. ఆ గిరాకీ తిరిగి రాలేదు కూడా.

అయినా, దాచడానికి రోజూ ఎంత ఖర్చయ్యేదో ఆగాకే ఆవిడకి తెలిసింది. ఎవరు కాగితం చేతికిస్తారోనని టెన్షన్, ముందే సాకు తయారుగా పెట్టుకోవడం, ఎవరి దగ్గర ఏ సాకు చెప్పిందో గుర్తుపెట్టుకోవడం. "కుట్టుపని కంటే ఇదే పెద్ద పని మేడం" అంది.

చదవడం

ఇదంతా అయ్యాక చదువు మొదలుపెడదామా అని ఆవిడే అడిగింది. వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు. వాచకం లేదు. ఆవిడ మాటలే పాఠం: గిరాకీల పేర్లు, వీధుల పేర్లు, మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల. ముందు నోటితో విరవడం, తర్వాత రాయడం. లక్ష్మి అంటే లక్, ష్, మి, మూడు చప్పట్లు. నల్ల లైనింగ్ గుడ్డ మీద మార్కింగ్ చాక్‌తో అరచేతంత అక్షరం రాసి, పలుకుతూ వేలితో దిద్దడం. గుడ్డా చాకూ ఆలోచన కూడా ఆవిడదే, పలక కంటే చెయ్యి బాగా కదులుతుందంది. వత్తుని ఎప్పుడూ వేరే రంగు చాక్‌తో. పేరా చదివేటప్పుడు స్కేలు పెట్టి కింది వరస మూసేస్తుంది. ఒకే ఎనిమిది వరసల ముక్క నాలుగు రోజులు చదవడం, నాలుగో రోజుకి నోరు తిరుగుతుంది.

తొమ్మిది నెలల తర్వాత అదే స్థాయి పేరా మూడు నిమిషాల యాభై సెకన్లలో చదివింది. బాగా మెరుగు, కానీ ఆవిడ వయసు మనిషి చదివే వేగానికి దగ్గరలో కూడా లేదు, వస్తుందని నేనేం ఆశ పెట్టలేదు. ఆవిడకి కావలసినంత వచ్చింది. సంచి మీద పేరు చదువుతుంది. పిల్లాడి డైరీ చదువుతుంది, నిదానంగా.

పనికిరానివి కూడా చెప్పాలి. నాకంటే ముందు ఎవరో రంగు అద్దాల కళ్ళజోడు అమ్మారు, అది పెట్టుకుంటే అక్షరాలు కుదురుగా కనిపిస్తాయని. డిస్లెక్సియాకి రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి 2009లోనే చెప్పాయి. సమస్య కంటిలో లేదు, శబ్దాన్నీ అక్షరాన్నీ ముడేసే చోట ఉంది. జ్ఞాపకశక్తి లేహ్యం కూడా ఒక సీసా అయింది. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి వరసల మధ్య ఎడం పెంచడం మాత్రం హాయిగా ఉందంది, దానికి పైసా ఖర్చు లేదు. సుగమ్య పుస్తకాలయ అని కేంద్రం 2016లో పెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అచ్చు చదవలేనివాళ్ళందరి కోసం, చూపు లేనివాళ్ళకే కాదు. ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా తెరవలేదు, మిషను తొక్కుతూ యూట్యూబ్‌లో కథలు వింటుంది. సరే, వినడమే కదా కావాల్సింది.

పిల్లాడి సంగతి

డిస్లెక్సియా కుటుంబాల్లో వస్తుంది, అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకి ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. వాడికి సైకాలజిస్టు రిపోర్ట్ వచ్చింది, సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డుకి వెళ్ళారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇదీ ఉంది, ఆ సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్షల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. స్కూలు వాళ్ళు మొదట "మా దగ్గర ఇట్లాంటి కేసులు లేవండీ" అన్నారు. ఉంది, మీ నాలుగో తరగతిలో మూడో బెంచీలో కూర్చుంటాడు అని ఆవిడే అన్నదట. ఇది నాకు ప్రిన్సిపాల్ గదిలో ఉన్న ఇంకో పేరెంట్ చెప్పింది, ఆవిడ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం పిల్లాడికి ముందు, భర్తకి తర్వాత చెప్పింది. "నాకూ నీలాగే రా" అంటే వాడు, "మరి నిన్ను కూడా కొట్టేవాళ్ళా?" అని అడిగాడట. భర్త రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు కరెంటు బిల్లు తీసుకొచ్చి ఎదురుగా కూర్చుని తనే చదివి వినిపించాడు. ఇప్పుడు రాత్రిళ్ళు తల్లీ కొడుకూ ఒకే పుస్తకం చదువుతారు, స్కేలు కోసం కొట్టుకుంటారు. వాడు తల్లి కంటే వేగంగా పైకొస్తున్నాడు, చిన్నప్పుడే పట్టుకుంటే వచ్చే తేడా అది.

పద్నాలుగు నెలలయ్యాయి. అత్తగారికి ఇంకా చెప్పలేదు, చెప్పనంటోంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టనా అని ఒకసారి అడిగింది, ఫీజు వివరాలు ఇచ్చాను, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పోయిన శ్రావణంలో ఒక్క జాకెట్టు కూడా తారుమారు కాలేదు.

తెగనిది బ్యాంకు. మూడో మిషను మీద లోను ఉంది, కాగితాలన్నీ ఇంగ్లీషు, వెనక క్యూ, కౌంటర్లో అబ్బాయికి తొందర. అక్కడ ఆ తయారుచేసుకున్న మాట నోటికి రాదంటోంది. మొన్న నేనూ తోడు వెళ్ళాను. ఫారం ఇటు తోశాడు. ఆవిడ నావైపు ఒకసారి చూసి, బ్యాగులో చెయ్యి పెట్టి వెతికి, "కళ్ళజోడు మర్చిపోయాను బాబూ, కాస్త నింపిపెట్టు" అంది. అతను నింపాడు. నేను గోడకి ఉన్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.